తలతిరుగుడు – తల్లడిల్లే మనసు

పాఠ్యభాగ ఉద్దేశం

శరీరమనస్సులు ఒకదానినొకటి ఆశ్రయించుకొని ఉంటాయి. మనసులోని వ్యాకులత ఒక్కొక్కసారి శరీరంలో బాధగా వ్యక్తమవుతుంది. అటువంటి బాధలలో ఒకటైన తలతిరుగుడును శాస్త్రీయంగా అర్థం చేసుకోవడం, దానిని అపహాస్యం చేయకుండా, దాచుకోకుండా సకాలంలో సహాయం పొందడం ఎంత అవసరమో విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

అనంతపురం పట్టణానికి చేరువలో ఉన్న ఊరు బుక్కరాయసముద్రం. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల పేరు మీదుగా వెలసిన గ్రామమిది. 14వ శతాబ్దంలో ఆయన మంత్రి చిక్కప్ప ఒడయరు ఇక్కడ పెద్ద చెరువును నిర్మించాడని, ఆ చెరువుకు ఒక కొసన బుక్కరాయసముద్రం, మరొక కొసన అనంతసాగరం ఏర్పడ్డాయని, ఆ అనంతసాగరమే కాలక్రమంలో అనంతపురమైందని స్థానిక చరిత్ర చెబుతుంది.

తెలుగు సాహిత్య విద్యార్థులకు ఈ ఊరు మరొక విధంగా కూడా పరిచితమే. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో రచించిన 'ముసలమ్మ మరణము' కావ్యానికి ఇతివృత్తాన్ని ఇచ్చినది ఈ చెరువే. కుండపోత వానకు కట్ట తెగబోతున్న వేళ ఊరిని కాపాడడానికి ముసలమ్మ అనే ఇల్లాలు తన ప్రాణాలను అర్పించిన కథ అది. నేటికీ ఆ కట్టను ప్రజలు ముసలమ్మ కట్ట అనే పిలుస్తారు.

ఆ కథలో ఊరిని వణికించినది నీటి ఆధిక్యం. కాని ఈ సీమను తరతరాలుగా వేధిస్తున్నది నీటి లేమి. నైరుతి ఋతుపవనాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య ఋతుపవనాలు ఇంత దూరం వచ్చేసరికి బలహీనపడతాయి. ఏడాది మొత్తంమీద కురిసే సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. అదైనా అదనులో కురుస్తుందన్న నమ్మకం లేదు. ఆకాశాన్ని నమ్ముకొని వేరుశనగ విత్తిన రైతు మబ్బు కోసం ఎదురుచూస్తూ రోజులు లెక్కపెడతాడు. ఈ ఎదురుచూపు ఒక్క రైతుది మాత్రమే కాదు. ఆ ఇంట్లో ఉన్న అందరిదీ. చదువుకొనే పిల్లలు కూడా దానిలో భాగస్వాములే.

చింత మనసులో పుడుతుంది. కాని అది మనసులోనే నిలిచిపోదు. ఆకలిని చంపుతుంది, నిద్రను దూరం చేస్తుంది, గుండె వేగాన్ని పెంచుతుంది. ఒక్కొక్కప్పుడు కాళ్లకింది నేల కదిలిపోతున్న భావనను కలిగిస్తుంది. తలతిరుగుడుకు, మనోవ్యాకులతకు గల ఈ సంబంధాన్ని వివరించడానికి ఒక సందర్భాన్ని ఊహించుకుందాం.

బుక్కరాయసముద్రం నుంచి అనంతపురంలోని జూనియర్ కళాశాలకు ప్రతిదినం పల్లెవెలుగు బస్సులో వెళ్లి వచ్చే ఒక విద్యార్థిని ఉన్నదనుకుందాం. ఆమె ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నది. ఆ ఏడు పైరు ఎండింది, బోరుబావి అడుగంటింది. రాత్రిపూట అమ్మానాయనలు అప్పు గురించి మెల్లగా మాట్లాడుకొనే మాటలు, నిద్రపోయినట్లు పడుకొన్న ఆమె చెవిన పడుతూనే ఉన్నాయి. 'మంచి మార్కులు వస్తేనే ఈ ఇల్లు గట్టెక్కుతుంది' అనే మాట ఆమెతో ఎవరూ అనలేదు. ఆమె తనకు తానే అనుకొన్నది.

ఒకనాడు కిక్కిరిసిన బస్సులో నిలబడి ఉండగా ఆమెకు హఠాత్తుగా తల తేలిపోయినట్లయింది. గుండె దడదడలాడింది, అరచేతులు చెమర్చాయి, వేళ్లు తిమ్మిరెక్కాయి. పడిపోతానేమోనని భయపడి కడ్డీని గట్టిగా పట్టుకొన్నది. పడిపోలేదు. కాని ఆ భయం ఆమెను వదలలేదు. మరుసటి వారం తరగతి గదిలోనూ, ఆ తరువాత అంగడి వీధిలోనూ అదే అనుభవం ఎదురైంది. "పొద్దున ఏమీ తినకుండా పోతే కండ్లు తిరగవా పాపా?" అన్నది అవ్వ. దిష్టి తగిలిందని ఇరుగుపొరుగు అన్నారు. వైద్యుడు పరీక్షలన్నీ చేయించి, "నీకేమీ లేదమ్మా" అన్నాడు. ఆ మాటతో ఆమెకు ఊరట కలగాలి. కాని బాధ ఇంకా ఎక్కువైంది. 'ఏమీ లేకపోతే నా తల ఎందుకు తిరుగుతున్నది? నేను అబద్ధం చెబుతున్నానా?' అనే ప్రశ్న ఆమెను వేధించసాగింది.

ఈ విద్యార్థిని కల్పిత పాత్రే. అయితే ఇటువంటి అనుభవం లోకంలో అరుదైనది కాదు. ఆమె ప్రశ్నకు సమాధానం తెలియాలంటే ముందుగా మనిషి నిటారుగా ఎలా నిలబడగలుగుతున్నాడో తెలుసుకోవాలి.

మన శరీరం సమతౌల్యాన్ని కాపాడుకోవడానికి మూడు వ్యవస్థలు తోడ్పడతాయి. మొదటిది లోపలి చెవి. వినికిడికి సంబంధించిన భాగం పక్కనే, ప్రతి చెవిలోనూ ద్రవంతో నిండిన మూడు అర్ధవృత్తాకార నాళికలు ఉంటాయి. తల ఎటు తిరిగినదీ అవి పసిగడతాయి. వాటితోపాటు ఉండే రెండు చిన్న సంచుల్లో సున్నపు రేణువులు ఉంటాయి. తల వంపును, ముందు వెనుకల కదలికను అవి తెలియజేస్తాయి. రెండవది చూపు. మూడవది పాదాలు, కీళ్లు, కండరాలు, మెడ నుంచి వచ్చే స్పర్శజ్ఞానం. ఈ మూడింటి నుంచి వచ్చే సమాచారాన్ని మెదడు క్షణక్షణమూ సరిచూసుకొంటుంది. మూడు సాక్ష్యాలూ ఏకీభవిస్తే మనిషి స్థిరంగా ఉంటాడు. ఏ ఒక్కటి భేదించినా తల తిరుగుతుంది. రంగులరాట్నం దిగిన తరువాత కూడా లోకం తిరుగుతున్నట్లు అనిపించడానికి కారణం ఇదే. మనిషి నిలబడినా, చెవిలోని ద్రవం ఇంకా కదులుతూనే ఉంటుంది.

చెవికి, తలతిరుగుడుకు గల సంబంధం వైద్యలోకానికి నిశ్చయంగా తెలిసి ఎంతో కాలం కాలేదు. 1861లో ఫ్రెంచి వైద్యుడు ప్రాస్పర్ మెనియర్ తలతిరుగుడు లోపలి చెవి దోషం వల్ల కూడా కలుగుతుందని ప్రతిపాదించాడు. తరువాత వియన్నా నగర వైద్యుడు రాబర్ట్ బారనీ రోగుల చెవులను నీటితో శుభ్రం చేస్తూ ఒక వింతను గమనించాడు. నీరు చల్లగా ఉంటే రోగి కనుగుడ్లు ఒక వైపుకు, వేడిగా ఉంటే మరొక వైపుకు అదురుతున్నాయి, తల తిరుగుతున్నది. ఈ పరిశీలన నుంచి చెవిలోని సమతౌల్య అవయవాన్ని పరీక్షించే పద్ధతి ఏర్పడింది. ఆయనకు 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది. ఆ వార్త తెలిసే నాటికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యావారికి బందీగా చిక్కి ఉన్నాడు.

తలతిరుగుడుకు కారణాలు అనేకం. వాటిని వేరు చేయడంలో రోగి వాడే మాట వైద్యునికి తొలి ఆధారం. ఈ విషయంలో తెలుగు భాష సంపన్నమైనది. ఇల్లంతా గిర్రున తిరుగుతున్నట్లుంటే 'తల తిరుగుతున్నది' అంటాం. లేచి నిలబడగానే చీకటి కమ్మితే 'కళ్లు బైర్లు కమ్మాయి' అంటాం. నడకలో నిలకడ తప్పితే 'తూలుతున్నాను' అంటాం. తల తేలికై, మనసు మసకబారినట్లుంటే 'దిమ్ముగా ఉంది' అంటాం. స్పృహ తప్పితే 'సొమ్మసిల్లాడు' అంటాం. ఇవన్నీ ఒకటి కావు. సాధారణంగా మొదటిది చెవిని, రెండవది రక్తపోటును లేదా రక్తహీనతను, మూడవది నరాలను లేదా మెదడును గుర్తుచేస్తాయి. అయితే ఒక్క మాటను బట్టి నిర్ణయానికి రాకూడదు. బాధ ఎప్పుడు మొదలైంది, ఎంతసేపు ఉంటున్నది, ఏమి చేస్తే వస్తున్నది అనే మూడు ప్రశ్నలకు సమాధానం మరింత విలువైనది.

పడకపై పక్కకు తిరిగినప్పుడు కొద్ది సెకన్లపాటు గది గిర్రున తిరిగితే, చెవిలోని సున్నపు రేణువులు తమ స్థానం తప్పి నాళికలోకి జారి ఉండవచ్చు. దానికి మందులకంటె, తలను ఒక క్రమంలో తిప్పి రేణువులను యథాస్థానానికి చేర్చే చికిత్స మేలు చేస్తుంది. అమెరికా వైద్యుడు జాన్ ఎప్లీ రూపొందించిన ఈ పద్ధతి నేడు అనేక దేశాలలో ఆచరణలో ఉంది. పార్శ్వపు నొప్పి ఉన్నవారికి నొప్పితో గాని, నొప్పి లేకుండా గాని తల తిరగవచ్చు. ఎండలో పని చేసి నీరు తాగకపోవడం, పూట తప్పిన భోజనం, చక్కెర నిల్వలు తగ్గడం, కొన్ని మందుల ప్రభావం కూడా కారణాలు కావచ్చు.

యువతుల విషయంలో రక్తహీనతను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం, 15 నుంచి 19 ఏళ్ల బాలికలలో 59 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. కనుక అవ్వ అన్న మాటను కొట్టిపారేయడానికి వీలులేదు. వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ సీమలో అల్పాహారం లేకుండా, నీళ్లసీసా లేకుండా బయలుదేరిన విద్యార్థికి కళ్లు తిరగడంలో ఆశ్చర్యం లేదు. ముందుగా శరీర కారణాలను వెదకడమే వైద్య ధర్మం. 'అంతా మనసులోనిదే' అని మొదటనే తేల్చివేయడం తప్పు.

ఆ కారణాలేవీ కనబడనప్పుడు 'ఏమీ లేదు' అని ముగించడం కూడా అంతే తప్పు. యంత్రానికి దోషం చిక్కకపోవడం వేరు, బాధ లేకపోవడం వేరు. మన విద్యార్థిని అనుభవానికి శాస్త్రం చెప్పే వివరణ ఇది.

మనిషికి ఆపద ఎదురైనప్పుడు పోరాడడానికో, పరుగెత్తడానికో శరీరం సిద్ధపడుతుంది. అడ్రినలిన్ అనే స్రావం రక్తంలో చేరుతుంది. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకొంటాయి, శ్వాస వేగవంతమవుతుంది. పులి ఎదురైనప్పుడు ఈ ఏర్పాటు ప్రాణాన్ని కాపాడుతుంది. కాని అప్పు, పరీక్ష, భవిష్యత్తు పట్ల బెంగ అనే శత్రువులనుంచి కాళ్లతో పరుగెత్తలేము. శరీరం మాత్రం ఆ తేడాను ఎరుగదు. పరుగు లేకుండానే శ్వాస వేగం పెరిగితే రక్తంలోని బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది. దానివల్ల మెదడుకు రక్తం తీసుకొనిపోయే నాళాలు కొంత ముడుచుకొంటాయి. తల తేలిపోవడం, వేళ్లు, పెదవులు తిమ్మిరెక్కడం ఆ మార్పు ఫలితాలే. బస్సులో ఆ బాలిక అనుభవించినది కల్పన కాదు. ఆమె రక్తంలో నిజంగా జరిగిన మార్పు.

ఇంతేకాదు. చెవి నుంచి సమతౌల్య సమాచారాన్ని అందుకొనే మెదడు కేంద్రాలకు, భయాన్ని నియంత్రించే కేంద్రాలకు మధ్య నాడీమార్గాలు ఉన్నాయి. నేల కదిలితే భయం కలగడం సహజమే. అదే మార్గంలో భయం కూడా నేలను కదిలించగలదు. తల తిరిగినవాడు భయపడతాడు. భయపడినవాడు తన ప్రతి అడుగును, ప్రతి కదలికను కాపలా కాస్తాడు. మామూలుగా మెదడు తనంత తానుగా చేసుకొనిపోయే పనిని ఇలా తెలిసి తెలిసి గమనించడం వల్ల స్థిరత్వం పెరగదు, తగ్గుతుంది. దానితో తల మరింత తిరుగుతుంది, భయం రెట్టింపవుతుంది. పాము తన తోకను తానే మింగినట్లు ఈ చక్రం సాగిపోతుంది.

భయం ముందా, తలతిరుగుడు ముందా అనే వివాదం వైద్యశాస్త్రంలో పాతదే. విశాలమైన మైదానాలను దాటవలసి వచ్చినప్పుడు కొందరికి కలిగే తలతిరుగుడును 1870లో వియన్నా వైద్యుడు మొరిట్జ్ బెనెడిక్ట్ వర్ణించాడు. తలతిరుగుడే దానికి మూలమని ఆయన భావన. మరుసటి సంవత్సరమే బెర్లిన్ నగర వైద్యుడు కార్ల్ వెస్ట్‌ఫాల్ అదే స్థితిని పరిశీలించి, భయమే మూలమని వాదించాడు. శతాబ్దానికి పైగా ఈ రెండు అభిప్రాయాలూ వేర్వేరు దారులలో నడిచాయి. 1986లో జర్మన్ వైద్యులు థామస్ బ్రాంట్, మరియాన్నె డీటెరిచ్ ఈ రెండింటినీ కలిపి చూసి, ఒక ప్రత్యేక రుగ్మతను వివరించారు.

దాని ఆధారంగా సాగిన పరిశోధనల ఫలితంగా 2017లో, బారనీ పేరుతోనే ఏర్పడిన అంతర్జాతీయ వైద్యసంఘం 'పర్సిస్టెంట్ పోస్చురల్ పర్సెప్చువల్ డిజ్జినెస్' అనే స్థితికి లక్షణాలను నిర్ణయించింది. దానిని క్లుప్తంగా పి.పి.పి.డి. అంటారు. మూడు నెలలు, అంతకు మించి, ఎక్కువ రోజులలో తూలుతున్నట్లు, ఊగుతున్నట్లు అనిపించడం దీని లక్షణం. నిలబడినప్పుడు, కదిలినప్పుడు, జనసమ్మర్దంలోనో, కళ్లముందు బొమ్మలు వేగంగా కదిలే చోటనో ఇది ఎక్కువవుతుంది. ఒకసారి చెవి దోషంతోనో, తీవ్రమైన ఆందోళనతోనో మొదలై, ఆ మూలకారణం తొలగిపోయిన తరువాత కూడా మెదడు పాత జాగ్రత్తను విడువకపోవడం దీనికి హేతువని నిపుణుల భావన. 2022 నుంచి అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో దీనికి చోటు దక్కింది. ఒకనాడు 'ఏమీ లేదు' అనిపించుకొన్న బాధకు ఈనాడు ఒక పేరు ఉన్నది, చికిత్స ఉన్నది.

ఈ దృష్టి మన ప్రాచీనులకు పూర్తిగా కొత్తది కాదు. ఆయుర్వేదం తలతిరుగుడును 'భ్రమ' అన్నది. చరకసంహిత సూత్రస్థానంలోని ఎనభై వాతవికారాల పట్టికలో భ్రమ, వణుకు, విషాదం, నిద్రలేమి, మనసు నిలకడ తప్పడం ఒకే వరుసలో కనిపిస్తాయి. మాధవనిదానం భ్రమకు కారణం చెబుతూ పిత్తవాతాలతోపాటు రజోగుణాన్ని పేర్కొన్నది. పిత్తవాతాలు దేహానికి చెందిన దోషాలు; రజస్సు మనసుకు చెందినది. నాటి సిద్ధాంతం, నేటి నాడీశాస్త్రం ఒకటి కాకపోవచ్చు. కాని దేహాన్ని, మనసును వేరుచేయకుండా చూసిన ఆ దృష్టి గమనింపదగినది.

మానసికమైన బాధలకు పల్లెలోనే వైద్యం అందాలన్న ఆలోచనకు కూడా ఈ ప్రాంతంతో సంబంధం ఉంది. 1882 వరకు అనంతపురం బళ్లారి జిల్లాలో భాగంగా ఉండేది. ఆ బళ్లారి జిల్లాలోనే, తెలుగు కన్నడాలు కలిసి వినిపించే పల్లెలలో, 1980వ దశకంలో బెంగళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ ఒక ప్రయోగం చేపట్టింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, సిబ్బందికి శిక్షణనిచ్చి మనోవ్యాధులను గుర్తించి చికిత్స చేసే పద్ధతి అది. 'బళ్లారి నమూనా'గా పేరొందిన ఆ పద్ధతి ఆధారంగానే 1996లో దేశంలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ఆరంభమైంది. పట్టణానికి పోలేని రైతుకు, కూలికి తన ఊరి ఆసుపత్రిలోనే మనసు గోడు వినేవారుండాలన్నది దాని ఆశయం.

తిరిగి మన విద్యార్థిని వద్దకు వద్దాం. రెండవసారి ఆమెను చూసిన వైద్యురాలు కాగితాలను పక్కన పెట్టి, "నీ బాధ నిజమైనదే" అన్నదనుకుందాం. అది చికిత్సలో మొదటి మెట్టు. ఎప్పుడు వస్తున్నది, అప్పుడు ఏమి ఆలోచిస్తున్నావు, రాత్రి ఎంతసేపు నిద్రపోతున్నావు, ఇంట్లో పరిస్థితి ఏమిటి అని ఓపికగా అడిగింది. నిద్రనటిస్తూ విన్న అప్పు మాటలను ఆ బాలిక మొదటిసారిగా మరొకరితో పంచుకొన్నది.

రెండవ మెట్టు శ్వాస. తల తేలిపోతున్నట్లు అనిపించగానే కూర్చొని, ముక్కుతో నెమ్మదిగా నాలుగు అంకెలు లెక్కించేంతసేపు గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కించేంతసేపు వదలాలి. కొన్ని నిమిషాలలో వాయువుల తూకం మళ్లీ సరిపడుతుంది. మూడవ మెట్టు కదలిక. భయపడి బస్సును, బజారును మానివేస్తే మెదడుకు స్థైర్యం తిరిగి నేర్చుకొనే అవకాశం ఉండదు. కనుక మొదట చెరువుకట్టపై కొద్ది దూరం నడవడం, తరువాత బస్సులో ఒక స్టాపు, ఆపైన పూర్తి ప్రయాణం అనే క్రమంలో అలవాటు పెంచుకోవాలి. చూపును ఒకచోట నిలిపి తలను మెల్లగా తిప్పే వ్యాయామాలను నిపుణులు నేర్పుతారు. ఆలోచనల తీరును మార్చుకొనే మనోచికిత్స, అవసరమైనచోట వైద్యుని పర్యవేక్షణలో మందులు కూడా మేలు చేస్తాయి. ఎవరో వాడిన మాత్రను తెచ్చి వాడడం మాత్రం ప్రమాదకరం. తలతిరుగుడును అణచే కొన్ని మాత్రలను దీర్ఘకాలం వాడితే మెదడు సహజంగా సర్దుకొనే శక్తికి అడ్డు తగులుతాయి.

నాలుగవ మెట్టు తోడు. ఆమె తన భయాన్ని నాయనకు చెప్పినప్పుడు అప్పు తీరిపోలేదు, వాన కురవలేదు. కాని ఆ బరువు ఒక్క తలపై కాక నాలుగు భుజాలపై పడింది. దేశంలో ఎవరైనా తమ మాతృభాషలో మనసు విప్పి మాట్లాడడానికి 2022 అక్టోబరు 10న 'టెలీ మానస్' అనే ఉచిత సేవ ప్రారంభమైంది. దాని సంఖ్య 14416. తెలుగులోనూ ఆ సేవ లభిస్తుంది.

ఒక హెచ్చరిక మాత్రం మరువరాదు. తలతిరుగుడుతోపాటు మాట తడబడినా, మూతి వంకర పోయినా, ఒక చేయి గాని కాలు గాని బలహీనమైనా, ఒకటి రెండుగా కనిపించినా, మునుపెన్నడూ లేని తలనొప్పి వచ్చినా, ఛాతీలో నొప్పి కలిగినా, స్పృహ తప్పినా, హఠాత్తుగా వినికిడి పోయినా అది వేచి ఉండవలసిన సమయం కాదు. అత్యవసరంగా 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి.

ముసలమ్మ కట్ట నేటికీ నిలిచి ఉంది. ఆ కట్ట తెగితే ఊరంతా చూస్తుంది. మనసులోని కట్టకు పగులు పడితే ఎవరికీ కనబడదు. తల తిరగడం అటువంటి పగులుకు ఒక సూచన కావచ్చు. చెరువుకట్టకు గండి పడినప్పుడు ఊరివారు ఒక్కరినే పంపి ఊరుకోరు. అందరూ తట్టా పారా పట్టుకొని వస్తారు. మనసు విషయంలోనూ చేయవలసినది అదే. 'నాకు తల తిరుగుతున్నది' అని ఒక స్నేహితురాలు చెప్పినప్పుడు నవ్వకుండా, నమ్మి, పక్కన కూర్చొని ఒక గ్లాసు నీళ్లు అందించి, అవసరమైతే వైద్యుని వద్దకు తోడు వెళ్లడం ప్రతి విద్యార్థీ చేయగల ఉపకారం.

కఠిన పదాలు – అర్థాలు

వ్యాకులత = కలత, ఆందోళన
ఇతివృత్తం = కథావస్తువు
లేమి = లేకపోవడం, కొరత
అదను = తగిన సమయం
సమతౌల్యం = రెండు వైపులా సరితూగే స్థితి
నాళిక = సన్నని గొట్టం
రేణువు = మిక్కిలి చిన్న కణం
హేతువు = కారణం
జనసమ్మర్దం = జనం కిక్కిరిసి ఉండడం
స్థైర్యం = నిలకడ, చలించకుండుట
గండి = కట్ట తెగిన చోటు

ప్రశ్నలు

అ. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. మనిషి సమతౌల్యాన్ని కాపాడే మూడు వ్యవస్థలను వివరించి, భయం వల్ల తల ఎలా తిరుగుతుందో తెలపండి.
2. 'పరీక్షలలో దోషం కనబడకపోవడం వేరు, బాధ లేకపోవడం వేరు' – పాఠం ఆధారంగా సమర్థించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. తలతిరుగుడును తెలిపే తెలుగు పదాల మధ్య భేదాలు ఏవి?
2. బెనెడిక్ట్, వెస్ట్‌ఫాల్ అభిప్రాయాలలో గల తేడా ఏమిటి?
3. 'బళ్లారి నమూనా' ఆశయం ఏమిటి?
4. విద్యార్థిని కోలుకోవడానికి తోడ్పడిన నాలుగు మెట్లు ఏవి?

ఇ. ఈ క్రింది ప్రశ్నలకు ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. 'ముసలమ్మ మరణము' కావ్యాన్ని రచించినవారెవరు?
2. రాబర్ట్ బారనీకి ఏ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది?
3. ఆయుర్వేదం తలతిరుగుడును ఏమని పేర్కొన్నది?
4. 'టెలీ మానస్' సేవా సంఖ్య ఏది?

ఈ. భాషాంశాలు
1. విడదీసి సంధి పేరు రాయండి: మనోవ్యాకులత, అత్యవసరం, అల్పాహారం.
2. విగ్రహవాక్యం రాసి సమాసం పేరు తెలపండి: శరీరమనస్సులు, మూడు నెలలు, చెరువుకట్ట.
3. సొంతవాక్యాలలో ప్రయోగించండి: గట్టెక్కు, అడుగంటు, మనసు విప్పు.